అప్‌డేట్: బక్ కన్వర్టర్ స్విచ్ నోడ్ రింగింగ్ అదుపులోకి వచ్చింది

24 వోల్టులను 5 వోల్టులకు తగ్గించే నా బక్ కన్వర్టర్‌లో (3 ఆంపియర్లు, 200 కిలోహెర్ట్జ్) స్విచ్‌గా పనిచేసే మాస్‌ఫెట్ ఆన్ అయినప్పుడల్లా, 40 వోల్టుల వరకే తట్టుకునే షాట్కీ డయోడ్ మీద 41 వోల్టుల స్పైక్ ఎందుకొస్తోందని ఇంతకుముందు అడిగాను. ఆ రెండూ కలిసే చోటే స్విచ్ నోడ్; అక్కడ వోల్టేజ్ వేగంగా పైకీ కిందికీ ఊగడమే రింగింగ్. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

ముందు ఆసిలోస్కోప్ ప్రోబ్ పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి, చిన్న స్ప్రింగ్‌తో కొలవండి. ఆ వైరు ఇండక్టెన్స్ వల్ల కూడా స్పైక్ పెద్దదిగా కనిపిస్తుంది. అలా కొలిచినా 36 వోల్టులు, 60 మెగాహెర్ట్జ్ రింగింగ్ మిగిలింది.

స్నబ్బర్ (రింగింగ్‌ను అణచే రెసిస్టర్-కెపాసిటర్ జత) విలువలు ఊహించనక్కర్లేదు. డయోడ్‌కు సమాంతరంగా కెపాసిటర్ పెంచుతూ పోతే 680 పికోఫారడ్ దగ్గర రింగింగ్ ఫ్రీక్వెన్సీ సగమైంది. అంటే మొత్తం కెపాసిటెన్స్ నాలుగింతలైనట్టు. కాబట్టి అంతకుముందే ఉన్న పారసిటిక్ కెపాసిటెన్స్ (భాగాల్లో, బోర్డులో దానంతటదే ఉండేది) ఆ 680లో మూడో వంతు, సుమారు 227 పికోఫారడ్. దాన్నిబట్టి లూప్ (ఆ కరెంటు తిరిగే దారి) ఇండక్టెన్స్ 31 నానోహెన్రీ. ఈ ఇండక్టెన్స్‌ను (ఎల్) పారసిటిక్ కెపాసిటెన్స్‌తో (సీ) భాగించి వర్గమూలం తీస్తే స్నబ్బర్ రెసిస్టర్ విలువ దాదాపు 12 ఓములు. 12 ఓముల రెసిస్టర్, 1 నానోఫారడ్ కెపాసిటర్ సిరీస్‌లో కలిపి డయోడ్‌కు సమాంతరంగా పెట్టాక స్పైక్ 29 వోల్టులకు దిగింది. కెపాసిటెన్స్, వోల్టేజ్ వర్గం, ఫ్రీక్వెన్సీ గుణిస్తే నష్టం 0.115 వాట్లు; పావు వాట్ రెసిస్టర్ చాలు, కానీ వైర్‌వౌండ్ వాడొద్దు, దాని ఇండక్టెన్స్ స్నబ్బర్‌నే చెడగొడుతుంది.

మాస్‌ఫెట్ ఆన్ అయ్యే వేగాన్ని తగ్గించే గేట్ రెసిస్టర్ 22 ఓములకు పెంచినా స్పైక్ తగ్గింది, కానీ స్విచింగ్ నష్టం పెరిగి మాస్‌ఫెట్ వేడెక్కింది. అందుకే 4.7 ఓముల దగ్గరే ఉంచాను.

అసలు మందు ఆ లూప్‌ను చిన్నది చేసే బోర్డు లేఅవుట్‌లోనే ఉంది. కొత్త బోర్డులో 10 మైక్రోఫారడ్, 50 వోల్టుల ఎక్స్7ఆర్ రకం సిరామిక్ కెపాసిటర్‌ను మాస్‌ఫెట్ డ్రెయిన్‌కూ డయోడ్ ఆనోడ్‌కూ మధ్య ఆనించి పెడుతున్నాను. డయోడ్ 60 వోల్టులది.