పాత ఫైబర్ బోటు వెనక పలక పుచ్చింది: ఎపాక్సీయా, పాలియెస్టరా?

నమస్తే అండి. మాది విజయవాడ. మా మేనమామ వాడి వదిలేసిన 14 అడుగుల ఫైబర్ మోటారు బోటును ఇంటి దగ్గరే బాగుచేస్తున్నాను. మళ్లీ కృష్ణలో దించాలని చాలా ఆశగా ఉంది.

పైకి బాడీ గట్టిగానే ఉంది. చిక్కంతా ఇంజను బిగించే వెనక పలకతోనే. సుత్తి పిడితో తడితే అంచుల్లో టంగుమంటోంది, మధ్యలో మాత్రం మొద్దు శబ్దం. ఒక బోల్టు ఊడదీస్తే కన్నంలోంచి డికాషన్ రంగు నీళ్లు కారాయి, స్క్రూడ్రైవర్‌తో గీకితే లోపలి ప్లైవుడ్ ముద్దలుగా వచ్చేసింది. ఇంజను బరువు, తోపుడు రెండూ మోసేది ఆ పలకే కదా, పైపైన పుట్టీ పెట్టి వదిలేయడం నాకిష్టం లేదు.

లోపలివైపు ఫైబర్ పొర కోసి, కుళ్లిన చెక్కంతా తీసి, ఐఎస్ 710 ప్రమాణం ఉన్న మెరైన్ ప్లై (నీటికి తట్టుకునే ప్లైవుడ్) 18 ఎంఎంవి రెండు కలిపి అతికిద్దామనుకుంటున్నాను. అతికించే రెసిన్ (కలిపాక గట్టిపడే ద్రవం) ఎపాక్సీ వాడాలా, పాలియెస్టర్ వాడాలా అన్నదే నా సందేహం. ఎపాక్సీ పాత ఫైబర్‌ను గట్టిగా పట్టుకుంటుంది, కానీ ఖరీదు. పైగా మామూలు చాప్డ్ మ్యాట్‌ (తెంపిన గాజు పోగుల చాప)లోని జిగురు పాలియెస్టర్‌లో ఉండే స్టైరీన్‌లోనే కరుగుతుంది కాబట్టి ఎపాక్సీకి గాజు నేత గుడ్డే వాడాలి. పాలియెస్టర్ చవక, మరి చెక్కకు ఏళ్ల తరబడి అంటుకుని ఉంటుందా?

ఇంకోటి, మన ఎండలకి రెసిన్ డబ్బాలోనే గడ్డకడుతోంది. తెల్లవారుజామున చేస్తే సరిపోతుందా, హార్డెనర్ (రెసిన్‌ను గట్టిపరిచే మందు) తగ్గించాలా? ఎపాక్సీకైతే ఆ పాళ్లు మార్చకూడదని తెలుసు.

మచిలీపట్నం, నిజాంపట్నం వైపు ఫైబర్ పడవల పని చేసినవాళ్లెవరైనా ఉంటే దయచేసి చెప్పండి.