అప్‌డేట్: అక్క సీమంతం వీడియో ఇప్పుడు బొమ్మతో సహా వస్తోంది

పోయిన వారం అడిగాను కదా, అక్క సీమంతం వీడియో ఫోన్ నుంచి ఇంట్లో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే మాటలు వినపడుతున్నాయి, బొమ్మ మాత్రం నల్లగా ఉంటోందని. మీరందరూ వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ వేసుకోమన్నారు. వేశాను, పని చేసింది.

అయితే మొదటిసారి పొరపాటు చేశాను. వెతకగానే పైన కనిపించిన ఏదో సైట్ నుంచి దించాను. దానితో పాటు అడగని ప్రోగ్రామ్ ఇంకొకటి వచ్చి కూర్చుంది, బ్రౌజర్ మొదటి పేజీ కూడా మారిపోయింది. చాలా టెన్షన్ పడ్డాను. సెట్టింగ్స్‌లో యాప్స్‌లోకి వెళ్లి ఆ ప్రోగ్రామ్‌నూ, మొదట దించిన వీఎల్‌సీనీ తీసేసి, వైరస్ స్కాన్ పూర్తిగా నడిపి, ఈసారి వీఎల్‌సీ వాళ్ల అసలు సైట్ వీడియోలాన్ డాట్ ఆర్గ్ నుంచే దించుకున్నాను. డబ్బు అడగలేదు, ప్రకటనలూ లేవు. 1996లో పారిస్‌లో ఇంజనీరింగ్ విద్యార్థులు మొదలుపెట్టిన పని ఇదట. ఇప్పటికీ లాభాపేక్ష లేని సంస్థే నడుపుతోంది. వాళ్లకు నిజంగా రుణపడి ఉన్నాను.

అసలు కారణం కూడా తెలిసింది. ఫోన్ ఆ వీడియోను హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించి దాచింది. దాన్ని విప్పి చూపించే చిన్న సాఫ్ట్‌వేర్, అంటే కోడెక్, మా కంప్యూటర్‌లో లేదు. వీఎల్‌సీలో ఇలాంటి కోడెక్‌లు ముందే ఉంటాయి, విడిగా ఏ కోడెక్ ప్యాకూ అక్కర్లేదు.

ఇంకో మాట: వీఎల్‌సీలో సబ్‌టైటిల్స్ మాటలతో కలవకపోతే జి, హెచ్ మీటలు నొక్కితే ముందుకూ వెనక్కూ జరుగుతాయి. అమ్మ నిన్న రాత్రి వీడియో మొత్తం రెండుసార్లు చూసింది. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.