నాటు గుర్రాల ఫొటోలకి బెంగళూరు నుంచి ఎక్కడికి వెళ్లాలి?

వైట్‌ఫీల్డ్ వాసి:
నాలుగేళ్లుగా పక్షుల ఫొటోలు తీస్తున్నా. ఇప్పుడు మన దేశవాళీ గుర్రాల మీద పది పన్నెండు బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు చేసి ఇక్కడే ఏదైనా చిన్న గ్యాలరీలో పెట్టాలని కోరిక. మార్వారీ కోసం రాజస్థాన్, కఠియావాడీ కోసం గుజరాత్ వెళ్లేంత లీవు దొరకదు. దగ్గర్లో ఎక్కడైనా ఉంటాయా? తమిళనాడు తీరంలోని కోడియక్కరైలో (పాయింట్ కాలిమేర్) అడవి గుర్రాలున్నాయట, నిజమేనా? మొన్న ఒక స్టేబుల్‌లో 24-70 లెన్సుతో తీస్తే తల సొరకాయలా వచ్చింది, నల్ల గుర్రం కాస్తా బూడిద రంగైంది.

జయనగర్ బాబాయ్:
అందియూర్ వెళ్లండి, ఈరోడ్ జిల్లా. తమిళుల ఆడి నెలలో (జులై-ఆగస్టు) గురునాథస్వామి జాతరకి పెద్ద గుర్రాల సంత జరుగుతుంది, మార్వారీ, కఠియావాడీ రెండూ వస్తాయి. రెండు జాతులకీ చెవుల కొనలు లోపలికి వంగి దాదాపు ఒకదానికొకటి తగులుతాయి, మీ ఫొటోకి ప్రాణం అదే. చెవులు వెనక్కి వాల్చిందంటే దానికి కోపంగా ఉన్నట్టు, అప్పుడు నొక్కకండి. పక్కన ఎవరినైనా దాణా డబ్బా ఆడించమంటే టక్కున ముందుకు నిక్కబొడుస్తుంది. దూరంగా నిలబడి జూమ్ లెన్సుతో 200 ఎంఎం దగ్గర తీస్తే సొరకాయ సమస్య ఉండదు. నల్ల గుర్రానికి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే వెలుతురు సగానికి) తగ్గించండి, లేకపోతే కెమెరా దాన్ని బూడిద రంగు చేసేస్తుంది. షామియానాలు ఫ్రేములో పడకుండా నేల మీద కూర్చుని తీయండి, వెనక ఆకాశమే ఉంటుంది. నన్నడిగితే గుర్రాల కంటే గుర్రం ఒంటి మీది వెంట్రుకల సుడులు చూసి బేరమాడే పెద్దాయనల చేతులే బాగా పడతాయి.

మైలాపూర్ నుంచి:
కోడియక్కరైలో గుర్రాలున్నమాట నిజమే కానీ అవి అడవి గుర్రాలు కావు. ఎప్పుడో మనుషులు పెంచి వదిలేసిన వాటి సంతానం. ఆ అభయారణ్యాన్ని 1967లో ప్రకటించింది కృష్ణజింకల కోసం, ఆ గడ్డి దగ్గర జింకలకీ వీటికీ పోటీ. తీయండి, బాగుంటాయి, చలికాలమైతే మన పులికాట్‌లో లాగే ఫ్లెమింగోలు కూడా ఉంటాయి. కానీ ప్రింటు కింద ‘అడవి గుర్రం’ అనో ‘అరుదైన జాతి’ అనో రాశారంటే మాత్రం నేనే వచ్చి గొడవ పెట్టుకుంటా. మేమూ ఒకసారి అలాగే రాసి, చూడ్డానికొచ్చిన ఒక పశువైద్యుడి చేతిలో అందరి ముందూ చీవాట్లు తిన్నాం.

వైట్‌ఫీల్డ్ వాసి:
మరి ఏం రాయాలి? ‘వదిలేసిన గుర్రం’ అంటే ఎవరు కొంటారండీ?

మైలాపూర్ నుంచి:
ఆ మాటలోనే కదా కథంతా ఉంది! నేనైతే ముందు అదే కొంటా.

జయనగర్ బాబాయ్:
ఒకటి మర్చిపోయా. సంతలో యజమానిని అడిగి తీయండి, తర్వాత ఫొటో పంపండి, మళ్లీ ఏడు ఆయనే పిలుస్తాడు. కెమెరాలో కన్ను పెట్టి వెనక్కి వెనక్కి నడవకండి, అక్కడ మీ వెనకాలా గుర్రమే ఉంటుంది. నాకు మోకాలి మీద ఇంకా మచ్చుంది.