ఈఎస్‌ఐలో సీప్యాప్ మిషన్ ఇస్తారా? జీతం 21,000 దాటితే మా గతి ఏమిటి?

మదనపల్లి కోడలు (బొమ్మనహళ్లి, బెంగళూరు) అడుగుతున్నారు:

అందరికీ నమస్కారం. మా వారు ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీలకు ఉద్యోగులను చేరవేసే వ్యాను నడుపుతారు. బండి ఒక ఏజెన్సీది. జీతం, పీఎఫ్, ఉద్యోగుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ, అన్నీ ఆ ఏజెన్సీ ద్వారానే.

ఆయన గురక గురించి పెళ్లయిన కొత్తలోనే మా అత్తగారు హెచ్చరించారు. "వాళ్ల నాన్నకూ ఇంతేనమ్మా, అలవాటు పడతావులే" అన్నారు. నిజంగానే అలవాటు పడ్డాను. ఇప్పుడు గురక ఆగితేనే నాకు మెలకువ వస్తోంది. ఉన్నట్టుండి శబ్దం తెగిపోతుంది. పొట్ట పైకీ కిందికీ ఎగిసిపడుతూ ఉంటుంది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే గాలి ఆడదు. భుజం పట్టి కుదిపేలోపు ఒక్క ఉలికిపాటుతో గాలి లాక్కుంటారు, మళ్లీ గురక మొదలు. పొద్దున అడిగితే "హాయిగా పడుకున్నానే" అంటారు. అంత హాయిగా పడుకున్న మనిషి కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే కునుకు తీస్తారు.

వేసవిలో సిల్క్ బోర్డు దగ్గర పచ్చ లైటు పడినా వ్యాను కదలలేదట. వెనక హారన్లు మోగి, లోపలి అమ్మాయిలు కేకలు వేస్తే కళ్లు తెరిచారట. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. ఆ వ్యానులో వచ్చే తెలుగమ్మాయి ఒకరు ఫోను చేసి "అక్కా, అన్నను డాక్టరుకు చూపించండి" అంది.

డిస్పెన్సరీలో చూపించి, అక్కడినుంచి రిఫరల్ మీద పెద్దాసుపత్రికి వెళ్లి, చివరికి నిద్ర పరీక్ష చేయించాం. తల నిండా వైర్లు, వేలికి క్లిప్పు, ఛాతీకి పట్టీలు. రిపోర్టులో ఏహెచ్‌ఐ 46 అని ఉంది, అంటే గంటకు 46 సార్లు ఊపిరి ఆగడమో బాగా తగ్గడమో జరిగిందట. నిద్రలో ఊపిరి ఆగే ఈ జబ్బును స్లీప్ అప్నియా అంటారట. ఆక్సిజన్ ఒక దశలో 71 శాతానికి పడిపోయింది. ఊపిరి అలా గంటకు 5 సార్లలోపు తగ్గితే పట్టించుకోనక్కర్లేదట, 30 దాటితే తీవ్రమైనదట. నిద్రలో మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపే సీప్యాప్ మిషన్ రోజూ రాత్రి పెట్టుకోవాలి, మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది అన్నారు డాక్టరు. బయట దుకాణంలో అడిగితే మిషన్ 62,000, మాస్కు విడిగా 7,500 అన్నారు.

ఇప్పుడు అసలు చిక్కు. ఏజెన్సీవాళ్లు జులై నుంచి జీతం 20,800 నుంచి 22,500 చేస్తామంటున్నారు. 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ ఆపేస్తామని కూడా అన్నారు. నెలకు 1,700 ఎక్కువ ఇచ్చి 70,000 మిషన్ చేజార్చితే అది పెంపు ఎలా అవుతుందో నాకు అర్థం కావడం లేదు. ఈఎస్‌ఐలో మిషన్ ఎవరైనా తీసుకున్నారా? అది పోతే ఆయుష్మాన్ కార్డుగానీ, మా ఊరి రేషన్ కార్డు మీద ఆరోగ్యశ్రీగానీ పనికొస్తాయా? ఇంకొక మాట, ఈ జబ్బు కాగితం మీదికెక్కితే లైసెన్సు పోతుందని ఆయన భయం. అందుకే ఏ ఫారం మీదా సంతకం పెట్టనంటున్నారు.

పీణ్య పద్దులు:

అమ్మా, ముందు ఆ ఏజెన్సీవాళ్ల మాట సంగతి చూద్దాం. నేను పీణ్యలో ఒక ఫ్యాక్టరీ జీతాల విభాగంలో ఉన్నాను, ఈఎస్‌ఐ చలానాలు కట్టడమే నా పని. జులైలో జీతం పెరిగిందని జులైలోనే పేరు తీసేయడం కుదరదు.

ఈఎస్‌ఐ చందాకు ఏడాదిలో రెండు కాలాలు. ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 వరకు ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు ఇంకొకటి. కాలం మొదట్లో 21,000 లోపు ఉన్నవారు మధ్యలో దాటినా ఆ కాలం ముగిసేదాకా చందాదారులే. కాబట్టి సెప్టెంబరు 30 దాకా చందా కట్టాల్సిందే, అది కూడా 22,500 మీద. మీ వారి వాటా 0.75 శాతం, నెలకు 169 రూపాయలు. యజమాని వాటా 3.25 శాతం, అంటే 732. పేరు తొందరగా తీసేయాలని ఎందుకు అనిపిస్తుందో ఈ రెండో అంకె చెబుతుంది.

ఇంకా బాగున్న కబురు ఉంది. ఏప్రిల్-సెప్టెంబరు చందాకు ప్రయోజనం అందే కాలం వచ్చే జనవరి 1 నుంచి జూన్ 30 వరకు. ఆ ఆరు నెలల్లో కనీసం 78 రోజులకు చందా పడి ఉంటే, ఉద్యోగి కొత్తగా చందా కట్టకపోయినా వచ్చే జూన్ 30 దాకా వైద్యం అందుతుంది. మీ చేతిలో దాదాపు ఏడాది ఉంది. ఈలోగా మిషన్ ఫైలు కదిలించండి.

ఒకటి అడగండి మీ వారిని. ఆ 22,500లో ఓవర్‌టైం కలిపి చెబుతున్నారా? 21,000 పరిమితి చూసేటప్పుడు ఓవర్‌టైం లెక్కలోకి రాదు. ఓవర్‌టైం తీసేస్తే 21,000 లోపే ఉన్నట్టయితే అక్టోబరు తరువాత కూడా ఈఎస్‌ఐ ఆగనక్కర్లేదు. ప్రతి నెలా ఖాయంగా ఇచ్చే భత్యాల్లో ఏవి కలుస్తాయో కూడా అడగండి. జీతం చీటీ తీసి చూడండి, మాటల మీద నమ్మకండి.

మల్లేశ్వరం పెన్షనర్:

నేను కేంద్ర ప్రభుత్వంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. సీజీహెచ్‌ఎస్ కార్డు మీద సీప్యాప్ తీసుకున్నాను. మా పద్ధతి మీకు వర్తించదు గానీ, ఒక్క నీతి అన్ని ఆఫీసులకూ ఒకటే: అనుమతి ముందు, కొనుగోలు తరువాత. నాతో పాటు క్యూలో నిలబడిన ఒకాయన ముందే కొనేసి బిల్లు పట్టుకొచ్చారు. ఆ బిల్లు ఎన్ని బల్లల మీద తిరిగిందో ఆయనే చెప్పాలి.

ఆయుష్మాన్ మీద ఆశ పెట్టుకోకు తల్లీ. కుటుంబానికి ఏటా 5 లక్షలన్న మాట నిజమే, కానీ అది ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు. ఇంటికి తెచ్చుకుని ఏళ్ల తరబడి వాడుకునే మిషన్‌కు కాదు. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న కార్డుకూ అదే నియమం. ఆరోగ్యశ్రీని ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. దానిదీ ప్రధానంగా అదే దారి, ఆపరేషన్లు, ఆసుపత్రి చికిత్సలు. ప్రైవేటు ఇన్సూరెన్సు ఉంటే పాలసీ కాగితం చివర్న చెల్లించని వస్తువుల జాబితా చూడు, చాలావాటిలో సీప్యాప్ అక్కడే కూర్చుని ఉంటుంది.

కాబట్టి ఉన్న ఈఎస్‌ఐని గట్టిగా పట్టుకో. అది పోయాక కూడా డాక్టరు కావాలంటే నిమ్హాన్స్‌లో నిద్ర సమస్యల క్లినిక్ ఉంది, ఆ పక్కనే రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ఉంది. రెండూ ప్రభుత్వానివే. రేషన్ కార్డు అసలుది వెంట తీసుకెళ్లి, రాయితీ వర్తిస్తుందేమో అక్కడి సోషల్ వర్కరును అడుగు.

అయినా మన ప్రభుత్వ పథకాలన్నీ ఈ జబ్బును ఒకసారి కొనిచ్చే వస్తువుగానే చూస్తాయి. మాస్కు మెత్త కొన్ని నెలలకే గట్టిపడి గాలి కారుతుంది, పట్టీలు సాగుతాయి, ఫిల్టరు నల్లబడుతుంది. మిషన్ ఇచ్చినవాళ్లు వీటి ఊసెత్తరు. నాకు ఏటా తగిలే దెబ్బ అక్కడే.

రాత్రి డ్యూటీ సిస్టర్:

బాబాయిగారు చెప్పిన చివరి మాట దగ్గర నుంచే మొదలుపెడతాను. నేను ఛాతీ వ్యాధుల వార్డులో నర్సును. ఈఎస్‌ఐ రోగులకు ఇంట్లో వాడే మిషన్ ఇప్పించిన సందర్భాలు చూశాను. మా వదిన భర్తకూ అలాగే వచ్చింది. ఆసుపత్రివాళ్లు ఆ రోగి పేరు మీద కొటేషన్లు పిలిచి కొంటారు, అందువల్ల ఆలస్యమవుతుంది.

అక్కా, డాక్టరు రాసే చీటీయే అక్కడ ప్రాణం. "సీప్యాప్ సిఫారసు" అని ఒక్క ముక్క రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది. మిషన్ రకం, ఎంత ఒత్తిడి కావాలి, గాలిని తేమ చేసే హ్యూమిడిఫైయర్ కావాలా, మాస్కు ఏ రకం, ఏ సైజు, ఇవన్నీ అదే చీటీలో ఉండాలి. మాస్కు విడిగా రాయించకపోతే మిషన్ ఒక్కటే చేతికొచ్చే ప్రమాదం ఉంది. అదనపు మెత్తలు, ఫిల్టర్లు కూడా రాయమని అడగండి. ఇస్తారో లేదో తరువాతి మాట, రాతలో లేనిదాన్ని ఎవరూ ఇవ్వరు.

ఒత్తిడి ఎంతో తేల్చడానికి ఒక రాత్రి మాస్కు పెట్టి పరీక్ష చేస్తారు, దాన్ని టైట్రేషన్ అంటారు. మీకు చేసింది మామూలు పరీక్ష ఒక్కటేనా, ఇది కూడా అయిందా చూసుకోండి. మిషన్ వచ్చాక అందులోని మెమరీ కార్డు ప్రతి రాత్రి ఎన్ని గంటలు వాడారో రాసిపెడుతుంది. రాత్రికి 4 గంటలైనా దాటాలని డాక్టర్లు చూస్తారు. ఫాలోఅప్‌కు వెళ్లినప్పుడల్లా ఆ కార్డు తీసుకెళ్లండి. రేపు మాస్కు మార్చమని అడగాలన్నా అదే సాక్ష్యం.

లైసెన్సు గురించి అన్నకు చెప్పండి. మన దగ్గర డాక్టరు ఈ జబ్బు ఉందని ఆర్టీఓకు రాసి పంపే ఏర్పాటు లేదు. రవాణా లైసెన్సు ఐదేళ్లకొకసారి రెన్యువల్‌కు వస్తుంది, అప్పుడు డాక్టరు సర్టిఫికెట్ కావాలి. ఆ రోజుకు మిషన్ సక్రమంగా వాడుతున్నట్టు చూపే నివేదిక చేతిలో ఉండటం ఆయనకే మంచిది. ఈలోగా తెల్లవారుజాము ట్రిప్పులు తగ్గించమని ఏజెన్సీని అడగండి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోమనండి. మద్యం అలవాటుంటే రాత్రిపూట పూర్తిగా మానాలి. జలుబు మాత్రలు, నిద్ర మాత్రలు డాక్టరును అడగకుండా వేసుకోకూడదు.

ఆగలేక పాత మిషన్ ఎక్కడో చవకగా దొరికిందని కొనకండి. 2021 జూన్‌లో ఫిలిప్స్ కంపెనీ తన మొదటి తరం డ్రీమ్‌స్టేషన్ మిషన్లను, లోపలి ఫోమ్ పాడై ముక్కలు గాలిలో కలిసే ప్రమాదం ఉందని వెనక్కి పిలిచింది. చేతులు మారే పాత సరుకులో అలాంటివి ఉంటే మీకెలా తెలుస్తుంది?

మదనపల్లి కోడలు:

అందరికీ చేతులెత్తి నమస్కారం. పద్దుల అన్నయ్యా, మీరు చెప్పినట్టే జీతం చీటీ చూశాను. 22,500లో ఓవర్‌టైం ఏమీ లేదు, అంతా ఖాయమైన జీతమే. అయితే సెప్టెంబరు 30 మాట ఏజెన్సీ అకౌంటెంటుకు ఫోనులో చెప్పగానే గొంతు మారింది. "మేడం, సిస్టంలో చూసి చెబుతాను" అన్నాడు. సాయంత్రానికి "సెప్టెంబరు దాకా కోస్తాం లెండి" అన్నాడు.

సిస్టర్, టైట్రేషన్ కాలేదు. దానికి రిఫరల్ రాయించుకోవాలి. లైసెన్సు గురించి మీరు రాసింది ఆయనే చదివారు, సంతకం పెట్టడానికి ఒప్పుకున్నారు. కానీ కొత్త పేచీ పెట్టారు. మాస్కు కోసం మీసం తీయాలా అని. మా ఇంట్లో తాతల కాలం నుంచి మీసం లేని మగవాడు లేడట. నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. ఇంకొకటి, హ్యూమిడిఫైయర్‌లో కావేరీ నీళ్లు కాచి పోస్తే చాలా?

రాత్రి డ్యూటీ సిస్టర్:

మీసం ఉంచుకోమనండి అక్కా. ముక్కు రంధ్రాల్లోనే ఆనే చిన్న మెత్తల మాస్కు ఒకటి ఉంటుంది, దానికి మీసం పెద్దగా అడ్డం రాదు. నోరు తెరిచి పడుకునే అలవాటుంటే మాత్రం నోరు, ముక్కు రెండూ కప్పే మాస్కే రాస్తారు. అప్పుడు మీసం ఎంత దట్టంగా ఉంటే గాలి అంత కారుతుంది, కత్తిరించుకోవాలి. టైట్రేషన్ రాత్రే రెండు రకాలూ పెట్టి చూడమని టెక్నీషియన్‌ను అడగండి, అది తేలాకే చీటీలో మాస్కు రకం రాయించండి.

నీళ్లు కాచినంత మాత్రాన సున్నం పోదు, తొట్టి అడుగున తెల్లగా పేరుకుంటుంది. మందుల దుకాణంలో డిస్టిల్డ్ వాటర్ అడగండి. పెట్రోలు బంకులో అమ్మే బ్యాటరీ నీళ్లు వద్దు. మిగిలిన నీళ్లు పొద్దున పారబోసి తొట్టి ఆరబెట్టాలి, రోజూ.