సమ్మతి మీద వర్క్‌షాప్‌లో ఈలలు, నవ్వులు ఆగట్లేదు, ఏం చేయాలి?

అనంతపురంలో ఒక యూనివర్సిటీలో, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే అంతర్గత ఫిర్యాదుల కమిటీలో విద్యార్థి సభ్యురాలిని. యూజీసీ 2015 నిబంధనల ప్రకారం విద్యార్థులకు అవగాహన వర్క్‌షాప్‌లు పెట్టాలి. మేము పీజీ మొదటి ఏడాది వాళ్లకు సెమినార్ హాల్లో, మధ్యాహ్నం భోజనాల తర్వాత గంటన్నర పెడుతున్నాం. నూటయాభై మంది దాకా వస్తారు, ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్లే.

చట్టం, ఫిర్యాదుకు మూడు నెలల గడువు చెప్పేంతవరకు బాగానే వింటారు. ‘వద్దంటే వద్దనే’ అనే చిన్న నాటిక మొదలవగానే వెనక వరసల్లో ఈలలు. ముందున్న అమ్మాయిలు తల దించుకుంటారు.

స్లయిడ్లు తెలుగులోకి మార్చాం. అర్థం కాలేదన్న మాట పోయింది, ఈలలు పోలేదు. పేరు రాయకుండా చీటీలు వేయమంటే అమ్మాయిల పేర్లతో వెకిలి రాతలొచ్చాయి, చదవడం మానేశాం. సార్లను కూర్చోబెడితే హాలంతా నిశ్శబ్దం, అదీ పనికిరాదు. విడివిడిగా పెడితే అమ్మాయిలు బాగా మాట్లాడారు, అబ్బాయిలు మాత్రం జోకుల్లో పడ్డారు. అసలు వినాల్సింది ఒకరి మాట ఒకరు కదా!

ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పండి: అబ్బాయిలు, అమ్మాయిలు కలిసున్న హాల్లో మొదటి పది నిమిషాల్లో ఏం చేయిస్తే వెక్కిరింత తగ్గి మాటలు మొదలయ్యాయి?