వివక్ష చరిత్ర చెబితే ఆ వర్గం పిల్లలే చూపులకు గురవుతున్నారు: ఎలా బోధించాలి?

శ్రీకాళహస్తి సమీపంలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. తొమ్మిదో తరగతిలో కొందరు ఎరుకల తెగ విద్యార్థులున్నారు. ఎవరి జామెట్రీ బాక్సు కనిపించకపోయినా మిగిలినవారి చూపులు ముందుగా వారి సంచుల మీదికే పోతాయి.

హాజరుపట్టీ వరుసలో కూర్చోబెట్టాను; మధ్యాహ్న భోజనం వేళకు మళ్లీ ఎవరి గుంపు వారిదే. తల్లిదండ్రుల సమావేశంలో ప్రస్తావిస్తే, 'పిలకాయల గొడవ, పెద్దది చేయొద్దు సార్' అన్నారు. పాఠంగానూ ప్రయత్నించాను. 1955లో అమెరికాలోని మాంట్‌గోమరీలో తెల్లజాతి ప్రయాణికుడికి బస్సులో సీటు వదలని నల్లజాతి మహిళ రోసా పార్క్స్ గురించి చెప్పినప్పుడు తరగతి మొత్తం ఆవేశంగా ఆమె పక్షం వహించింది. (దూరదేశపు అన్యాయాన్ని ఖండించడం ఎవరికైనా సులువే.) తరువాతి పీరియడ్‌లో, 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకీ వర్తించిందని, దాని కింద ఎరుకల కుటుంబాలను పుట్టుకను బట్టే నేరస్థులుగా నమోదు చేసి పోలీసు నిఘాలో ఉంచారని, 1952లో అది దేశమంతటా రద్దయిందని వివరించాను. దొంగలన్న నిందకు బలమిచ్చింది పరాయి పాలకుల చట్టమని తెలిస్తే ఎగతాళి తగ్గుతుందని ఆశించాను. కానీ తరగతి అంతా తిరిగి ఆ పిల్లలనే చూసింది. మరునాడు వారిలో ఇద్దరు బడికి రాలేదు, వచ్చాక కూడా నా పీరియడ్‌లో తలెత్తడం లేదు.

పాఠాన్ని వదిలేయడం నాకు సమ్మతం కాదు. ఎదురుగా కూర్చున్న పిల్లలు ఉదాహరణలుగా మారిపోకుండా ఈ చరిత్రను మీ తరగతిలో ఏ పద్ధతిలో బోధించారు?