వోయెన్స్ 2023: ఒక్క సూట్ కోసం జ్మార్జ్లిక్‌ని రౌండ్ మొత్తానికీ తప్పించడం న్యాయమేనా?

వైజాగ్ థ్రాటిల్:

2025 సెప్టెంబర్‌లో డెన్మార్క్‌లోని వోయెన్స్‌లో స్పీడ్‌వే అనే మోటార్‌సైకిల్ రేసుల ప్రపంచ టైటిల్ ఒకే ఒక్క పాయింట్ తేడాతో తేలింది. పోలండ్ రైడర్ బార్టోష్ జ్మార్జ్లిక్‌కి అది ఆరో టైటిల్. దాంతో ఐవాన్ మేజర్, టోనీ రికార్డ్‌సన్‌ల సరసన చేరిపోయాడు. ఆస్ట్రేలియాకి చెందిన బ్రేడీ కర్ట్జ్ ఆ ఒక్క పాయింట్ దగ్గరే ఆగిపోయాడు. అది చూసిన దగ్గర్నుంచి మా మిత్రుల మధ్య ఒక పాత గొడవ మళ్లీ మొదలైంది. ఊరు ఇదే వోయెన్స్, తేదీ 2023 సెప్టెంబర్ 16. మాలో మాకు తేలడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. స్పీడ్‌వే బండికి 500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్, ఇంధనం మెథనాల్, గేరు ఒక్కటే, బ్రేకులు అసలు ఉండవు. ఒక్కో హీట్‌లో, అంటే ఒక్కో చిన్న రేసులో, నలుగురు, మట్టి ట్రాక్ మీద నాలుగు ల్యాపులు, నిమిషం అటూ ఇటూగా అయిపోతుంది. 2023లో రాత్రికి 20 హీట్లు, తర్వాత రెండు సెమీస్, ఫైనల్ ఉండేవి. రౌండ్ గెలిచినవాడికి 20 పాయింట్లు, తర్వాత వరుసగా 18, 16, 14. 2020 నుంచి లెక్క ఇదే.

ప్రపంచ టైటిల్ తేల్చే గ్రాండ్ ప్రి సిరీస్‌లో 2023లో పది రౌండ్లు. తొమ్మిదోది వోయెన్స్, ఆఖరిది పోలండ్‌లోని టోరున్. వోయెన్స్‌కి వచ్చేసరికి జ్మార్జ్లిక్, రెండో స్థానంలో ఉన్న స్వీడన్ రైడర్ ఫ్రెడ్రిక్ లిండ్‌గ్రెన్ కంటే 24 పాయింట్లు ముందున్నాడు. ఆ రాత్రి లిండ్‌గ్రెన్‌కి తనకంటే నాలుగు పాయింట్లు ఎక్కువ రాకుండా చూసుకుంటే చాలు, టోరున్‌కి ముందే టైటిల్ ఖాయం. కానీ రేసుకి ముందు జరిగే క్వాలిఫైయింగ్‌లో జ్మార్జ్లిక్ వేసుకున్న సూట్, దాని మీది రంగులు, స్పాన్సర్ల పేర్ల పరంగా, ఆమోదం పొందినది కాదని తేలింది. మొత్తం రౌండ్ నుంచే తప్పించారు. ఒక్క హీట్ కూడా తిరగనివ్వలేదు. లిండ్‌గ్రెన్ 18 తెచ్చుకున్నాడు, 24 కాస్తా 6 అయింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా. తప్పు జరిగింది, శిక్ష పడాల్సిందే. కానీ ఆ శిక్ష ఆ తప్పుకి సరిపోయేది కాదు. ఇదే ఆటలో స్టార్ట్ దగ్గర అడ్డంగా ఉండే టేపు లేవకముందే తాకితే ఆ ఒక్క హీట్ పోతుంది. రెండు నిమిషాల టైమ్‌లోపు గేటు (స్టార్ట్ తీసుకునే చోటు) దగ్గరికి రాకపోయినా ఆ హీట్ వరకే. అంటే రేసులో చేసిన తప్పుకి పోయేది మహా అయితే హీట్ గెలిస్తే వచ్చే మూడు పాయింట్లు. రేసు మొదలవకముందు, ప్రాక్టీసులో వేసుకున్న బట్టలకి మాత్రం రాత్రంతా పోవాలా? మీరు చెప్పండి.

రూల్‌బుక్ రావు:

పోవాలండీ. రూల్ అందరికీ ముందే తెలుసు. ఏ సూట్‌కి ఆమోదం ఉందో రైడర్‌కి తెలుసు, అతని మెకానిక్‌లకి తెలుసు. తెలిసీ తప్పు సూట్ వేసుకొచ్చాక ‘ప్రాక్టీసే కదా’ అంటే ఎలా? క్వాలిఫైయింగ్ అంటే ఊరికే తిరగడం కాదు. అక్కడ టైమ్ తీస్తారు, ఎవరు ముందుగా తమ నంబర్ ఎంచుకోవాలో దాన్ని బట్టే తేలుతుంది. ఏ నంబర్ దొరికితే ఏ హీట్‌లో ఏ గేటు నుంచి వెళ్లాలో తెలిసిపోతుంది. ఫలితం మీద దాని ప్రభావం ఉంటుంది.

ఇంకో మాట. వినేశ్ ఫోగట్ విషయంలో ఏం జరిగింది? 2024 పారిస్‌లో 50 కిలోల విభాగం ఫైనల్ రోజు 100 గ్రాములు ఎక్కువ ఉందని తీసేశారు. దేశమంతా ఏడ్చింది, అయినా ఆర్బిట్రేషన్ కోర్టు రూల్‌నే నిలబెట్టింది. గుండె కోసుకుపోయినా రూల్ రూలే. జ్మార్జ్లిక్ పెద్ద చాంపియన్ కాబట్టి అతనికి వేరే కొలత అంటే నేను ఒప్పుకోను.

ఓరుగల్లు ర్యాంప్:

రావు గారూ, ఆ రెండూ ఒకటి కాదు. కుస్తీలో బరువే విభాగం. 50 కిలోల పోటీ అని పేరు పెట్టుకున్నాక బరువు దాటితే పోటీ స్వరూపమే మారిపోతుంది. స్పీడ్‌వేలో కూడా బండికి 77 కిలోల కనీస బరువు పెట్టారు. అందులో తేడా వస్తే మీతో పాటు నేనూ బయటికి పంపమనే అంటాను. సూట్ మీద ఏ రంగు ఉంది, ఏ పేరు ఎక్కడుంది అన్నదానికి ల్యాప్ టైమ్‌తో సంబంధం ఏముంది?

పోలిక కావాలంటే చదరంగం చూడండి. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో వరల్డ్ ర్యాపిడ్. మన కోనేరు హంపి మహిళల టైటిల్ గెలిచింది అక్కడే. అదే టోర్నీకి మాగ్నస్ కార్ల్‌సన్ జీన్స్ వేసుకొచ్చాడు. డ్రెస్ కోడ్ ఒప్పుకోదు. ముందు 200 డాలర్ల జరిమానా వేశారు, మార్చుకుని రమ్మన్నారు. ఆ రోజు మార్చుకోనని కూర్చున్నాకే తర్వాతి రౌండ్‌లో జత కలపలేదు. అంతే తప్ప అప్పటికి గెలిచినవి కొట్టెయ్యలేదు. డబ్బు, హెచ్చరిక, అవకాశం, చివరికి వేటు. మెట్లు ఉండాలి అంటున్నాను, రూల్ వద్దనడం లేదు.

లుబ్లిన్ నుంచి:

అన్నలూ, నేను పోలండ్‌లో చదువుకుంటున్నాను. జ్మార్జ్లిక్ 2023 నుంచి మా ఊరి టీమ్ మోటార్ లుబ్లిన్‌కి ఆడుతున్నాడు, కాబట్టి నాకు పక్షపాతం ఉందని ముందే ఒప్పుకుంటున్నా. మ్యాచ్‌లో కళ్లారా చూసింది మాత్రం చెప్తాను.

స్టేడియంలో మొదటి మలుపు దగ్గర నిలబడితే ముందు ఆ కాలిన ఇంధనం వాసన ముక్కుకి తగులుతుంది. రైడర్లు గేటు దగ్గరికొచ్చి బూటు మడమతో మట్టిని తవ్వి చదును చేసుకుంటారు, వెనక చక్రం పట్టు దొరకాలని. టేపులు పైకి లేవగానే నాలుగు బండ్లూ ఒక్కసారిగా ఎడమవైపు పడుకుంటాయి. వెనక చక్రాల నుంచి మట్టి గోడలా లేస్తుంది. నాలుగో స్థానంలో ఉన్నవాడు ఆ గోడలోంచే పోవాలి. కళ్లద్దాల మీది పల్చటి పొరలు ఒక్కొక్కటే పీకి పారేస్తూ నడుపుతాడు. ట్రాక్‌కి నీళ్లు కొట్టిన రోజైతే రెండు హీట్లు అయ్యేసరికి అతని సూట్ మీద ఏ కంపెనీ పేరూ కనపడదు. ఏ పేర్ల కోసం ఒక రాత్రి మొత్తం పోయిందో, ఆ పేర్ల సంగతి ఇది.

ఇంకొకటి, అసలు పొరపాటు ఎలా జరుగుతుందో కూడా చూడండి. వీళ్లకి వారంలో ఎన్ని రేసులో! పోలిష్ లీగ్ శుక్రవారం, ఆదివారం. స్వీడిష్ లీగ్ మంగళవారం. గ్రాండ్ ప్రి శనివారం. క్లబ్బుకో సూట్, దేశానికో సూట్, గ్రాండ్ ప్రికి ఇంకో సూట్. అన్నీ ఒకే వ్యాన్‌లో దేశాలు దాటుతుంటాయి.

రూల్‌బుక్ రావు:

తమ్ముడూ, నువ్వు రాసింది చదువుతుంటే నేనూ అక్కడే నిలబడ్డట్టుంది. కానీ ఒకటి ఆలోచించు. మిగతా పదిహేను మందికి కూడా అవే వ్యాన్లు, అవే మంగళవారాలు. వాళ్లు సరైన సూట్ తెచ్చుకున్నారా లేదా?

2022లో ఈ సిరీస్‌ని నడిపే పని డిస్కవరీ తీసుకుంది. ఫుట్‌బాల్‌లోలాగా కోట్ల వర్షం కురిసే ఆట కాదిది. సూట్ మీద ఉన్న చోటు అమ్ముకుంటేనే సిరీస్ నడుస్తుంది. ఆ చోటుకి డబ్బు కట్టినవాడికి క్వాలిఫైయింగ్ కూడా ప్రసారమే. మట్టి పడితే పేరు కనపడదు కాబట్టి పేరు లేకపోయినా పర్లేదంటే, రేపు ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెప్తారు.

లిండ్‌గ్రెన్ వైపు నుంచి ఎవరైనా చూశారా? ఆ ముందురోజే 38 నిండాయి. ఇన్నేళ్ల కెరీర్‌లో ఒక్కసారీ ప్రపంచ చాంపియన్ కాలేదు. రూల్ పాటించాడు, రెండో స్థానం సంపాదించాడు. అవతలివాడు రూల్ తప్పితే, పెద్దవాడు కదా అని అధికారులు కళ్లు మూసుకుంటే, అది లిండ్‌గ్రెన్‌కి చేసిన అన్యాయం కాదా?

కాకినాడ క్లచ్:

మధ్యలో ఒక మాట. అసలు 2022, 2023 టైటిళ్లే పూర్తి టైటిళ్లు కావని నా ఫీలింగ్. 2021లో జ్మార్జ్లిక్‌ని మూడు పాయింట్ల తేడాతో ఓడించి చాంపియన్ అయినవాడు ఆర్టెమ్ లాగుటా. 2022లో రష్యా రైడర్ల మీద నిషేధం పడింది. టైటిల్ నిలబెట్టుకునే అవకాశమే అతనికి దొరకలేదు. పోలిష్ పౌరసత్వం ఉంది, 2023లో పోలిష్ లీగ్‌లో ఆడాడు, గ్రాండ్ ప్రిలో మాత్రం లేడు. సూట్ గురించి ఇంత బాధపడేవాళ్లు దాని గురించి కూడా మాట్లాడాలి.

వైజాగ్ థ్రాటిల్:

క్లచ్ గారూ, అది నిజంగా పెద్ద ప్రశ్న. ఇంకో రష్యా రైడర్ ఎమిల్ సైఫుద్దినోవ్‌ది కూడా అదే కథ. కానీ అది యుద్ధం, దేశాల సంగతి, దానికి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తాను. ఇక్కడ ఒక్క రాత్రి గురించే మాట్లాడుకుందాం.

రావు గారూ, లిండ్‌గ్రెన్ మాట మీరు ఎత్తడం మంచిదైంది. నాకు ఎక్కువ బాధగా ఉన్నది అతని గురించే. టోరున్‌లో అతను గెలిచి, జ్మార్జ్లిక్ నాలుగో స్థానం కూడా అందుకోలేక వెనకబడి ఉంటే టైటిల్ లిండ్‌గ్రెన్‌ది. అప్పుడు జీవితాంతం జనం ఏమనేవాళ్లు? ‘సూట్ పుణ్యమా అని వచ్చిన టైటిల్’ అనేవాళ్లు. ఏ తప్పూ చెయ్యని మనిషి మీద ఆ మచ్చ పడేది. జ్మార్జ్లిక్ టోరున్‌లో నెగ్గి నాలుగో టైటిల్ తెచ్చుకున్నాడు కాబట్టి ఆ ప్రమాదం తప్పింది. లిండ్‌గ్రెన్‌కి రజతం, స్లొవేకియా రైడర్ మార్టిన్ వాట్సులిక్‌కి కాంస్యం. ఫలితం బాగానే తేలిందని శిక్ష సరైనదైపోదు.

ఓరుగల్లు ర్యాంప్:

దీనికి నేను 2016 గుర్తు చేస్తాను. జేసన్ డోయల్ పట్టికలో ముందుండగా టోరున్‌లో పడి దెబ్బలు తగిలించుకున్నాడు. ఆఖరి రౌండ్ మెల్‌బోర్న్‌లో, అతని సొంత దేశంలో. అక్కడ నడపలేకపోయాడు. టైటిల్ గ్రెగ్ హాన్‌కాక్‌కి వెళ్లింది. ఎంత బాధ అనిపించినా ఎవరూ అన్యాయం అనలేదు, ఎందుకంటే అది ట్రాక్ మీద జరిగింది. బ్రేకుల్లేని బండి ఎక్కినవాడికి ఆ సంగతి తెలుసు. మరుసటి ఏడాది డోయల్ చాంపియన్ అయ్యాడు కూడా. ట్రాక్ మీద పోగొట్టుకోవడం వేరు, కాగితం మీద పోగొట్టుకోవడం వేరు. ప్రేక్షకుడు ఒకదాన్ని మింగగలడు, రెండోదాన్ని మింగలేడు.

రూల్‌బుక్ రావు:

సరే, విమర్శ విన్నాను. మరి మీ దగ్గర రూల్ ఏమిటి? ‘తగిన శిక్ష’ అనే మాట వినడానికి బాగుంటుంది. రేసుకి కొద్ది గంటల ముందు రిఫరీ చేతిలో పెట్టేది ఏమిటో చెప్పండి. అతని ఇష్టానికి వదిలేస్తే పోలండ్‌లో ఒక తీర్పు, డెన్మార్క్‌లో ఒక తీర్పు వస్తుంది. వోయెన్స్‌లో తీర్పు ఇచ్చినవాళ్లకి కనీసం రాసిపెట్టిన వాక్యం ఒకటి ఉంది. దాన్ని పాటించినందుకు వాళ్లని తప్పు పట్టకూడదు.

వైజాగ్ థ్రాటిల్:

వాళ్లని నేను తప్పు పట్టడం లేదు. రిఫరీ ముందు ఆ వాక్యం తప్ప వేరే దారి లేదని నేనూ ఒప్పుకుంటా. నా గొడవ ఆ వాక్యంతోనే.

రూల్ ఇలా ఉండొచ్చు. క్వాలిఫైయింగ్‌లో ఆమోదం లేని సూట్ వేసుకుంటే ఆ టైమ్ రద్దు. నంబర్ ఎంచుకోవడంలో ఆఖరి వంతు, అంటే మిగిలిపోయిందే అతనికి. దాంతో పాటు గట్టి జరిమానా. రాత్రి రేసుకి సరైన సూట్‌లో రాకపోతే అప్పుడు బయటికి. ఇందులో రిఫరీ ఇష్టాయిష్టాలకి చోటే లేదు, పోలండ్‌లో అయినా డెన్మార్క్‌లో అయినా ఒకటే. క్వాలిఫైయింగ్ ఫలితం మీద ప్రభావం చూపిస్తుందని మీరే అన్నారు. ఆ లాభాన్ని పూర్తిగా లాగేసుకుంటున్నాం కదా. స్పాన్సర్‌కి జరిగిన నష్టం డబ్బు నష్టం, దాన్ని డబ్బుతోనే కట్టిస్తున్నాం.

పైగా రౌండ్ నుంచి తీసేస్తే స్పాన్సర్‌కి ఒరిగింది ఏమిటి? ఆ రాత్రి ప్రపంచ నంబర్ వన్ రైడర్ ఒంటి మీద వాళ్ల పేరు ఒక్క ల్యాప్ కూడా తిరగలేదు.

లుబ్లిన్ నుంచి:

ఇది నాకు ఓకే అన్నా. టికెట్ కొనుక్కుని వోయెన్స్‌కి వెళ్లినవాళ్ల సంగతి కూడా దీంట్లో కలపండి. ఇక్కడి నుంచి బస్సుల్లో, కార్లలో వెళ్తారు. టైటిల్ అక్కడే తేలుతుందని వెళ్లారు.

రూల్‌బుక్ రావు:

రూల్ మార్చమని అడగడానికి నాకేం అభ్యంతరం లేదు, సీజన్ మొదలవకముందు మార్చండి. నంబర్ ఆఖర్న ఎంచుకోవడం మాత్రం జ్మార్జ్లిక్ లాంటివాడికి శిక్షే కాదు, ఏ గేటు ఇచ్చినా రెండో మలుపుకి ముందుకొచ్చేస్తాడు. ఇరవై హీట్లలో తన మొదటి హీట్ కూడా పోవాలి అంటే అప్పుడు సంతకం పెడతా.

వైజాగ్ థ్రాటిల్:

మొదటి హీట్ పోవడానికి నేను ఒప్పుకుంటున్నా రావు గారూ. టేపు తాకినవాడికి పడే శిక్షే ఇది కూడా. మిగతా నాలుగు హీట్లతో సెమీస్ చేరగలిగితే చేరతాడు, లేకపోతే లేదు. అది ట్రాక్ మీదే తేలుతుంది.